వార్సా వీథులలో తండ్రీబిడ్డలు

పిల్లలను వెంటబెట్టుకొని ప్రాచీన నగరములను చూడబోవుట ఐరోపా ఖండమున చాలకాలముగా నున్న అలవాటు. 1770వ సంవత్సరమున పదునాలుగేండ్ల బాలుడగు మొజార్టును వాని తండ్రి రోము నగరమునకు కొనిపోయెను. నేటికిని సెలవులు వచ్చినంతనే ఎందరో తల్లిదండ్రులు బిడ్డల చేయి పట్టుకొని రోము, ప్రేగు, వియన్నా వీథులలో తిరుగుచుందురు. ఆ పట్టణములలో తండ్రి పని కొంత సులభము. ఇది ఫలానా రాజు కట్టించిన కోట, దీని వయస్సు ఇన్ని వందల యేండ్లు అని చెప్పినచో తక్కిన మాట రాళ్లే చెప్పుకొనును. పోలెండు దేశపు రాజధానియైన వార్సాలో అట్లు కాదు. అచట రాళ్లు దాచిన మాటను తండ్రియే విప్పి చెప్పవలెను. చెప్పనిచో బిడ్డ ఆ నగరమును చూచియు చూడనట్లే యగును.

విస్తులా నది ఒడ్డున, ఎత్తైన గట్టుపై, వార్సా పాత పట్టణము కలదు. దాని ముంగిట కోట, కోట యెదుట విశాలమైన ఆవరణము, ఆవరణము నడుమ నొక స్తంభము. స్తంభము మీద చేత శిలువయు కత్తియు ధరించిన రాజు నిలిచియుండును. అతడు మూడవ సిగిస్మండు. పోలెండు రాజనివాసమును క్రాకో నుండి వార్సాకు తరలించినవాడతడే. ఆ స్తంభమును 1644లో నెత్తించినవాడు అతని కుమారుడు నాలుగవ వ్లాడిస్లావు. తండ్రి పేరు నిలుపుటకు కొడుకు నిలిపిన గుర్తు అది. తండ్రితో కలిసి వచ్చిన బాలుడు ఈ సంగతి విని సంతోషించును. కాని కోటగోడ ప్రక్కగా నాలుగడుగులు వేసినచో పచ్చిక మీద విరిగి పడియున్న పెద్ద రాతికంబములు కనబడును. పైనున్నది కొత్త కంబము, నేలనున్నవి పాతవి. 1944 సెప్టెంబరు నెల మొదట జర్మను సేనల దెబ్బకు స్తంభము కూలెను. రాజు ప్రతిమ మాత్రము గాయములతో బయటపడెను. 1949లో దానిని కొత్త కంబము మీదికి మరల నెక్కించిరి.

అచటి నుండి సన్నని వీథిలో కొంత దూరము నడచినచో సంతచౌకము వచ్చును. నాలుగు వైపులను రంగురంగుల మేడలు, వాని గోడలపై చిత్రములు, నడుమ కత్తియు డాలును పట్టిన మత్స్యకన్య విగ్రహము. పట్టణమునకు ఉత్తరపు కొసన ఎర్రయిటుకల బురుజు. పదునారవ శతాబ్దమున వెనిసు నుండి వచ్చిన శిల్పి కట్టిన రూపమది. అందమునకు కొదువ లేదు. ఈ చౌకములోనే ఏదో యొక సమయమున బిడ్డ అడిగి తీరును: “నాన్నా, ఈ ఇండ్లు ఎన్నాళ్లవి?”

ఈ ప్రశ్నకు రెండు తేలిక జవాబులు కలవు. “మూడు నాలుగు వందల యేండ్లవి” యనుట మొదటిది. అది అసత్యము. “ఇదంతయు నిన్న మొన్న కట్టిన నకలు, పద పోదము” అనుట రెండవది. ఇది సగము సత్యము. సగము సత్యము ఒక్కొక్కప్పుడు అసత్యము కంటె ఎక్కువ చెరుపు చేయును. అసలైన జవాబు పొడుగైనది. దానిని చెప్పుటకు తండ్రికి ఓపిక యుండవలెను. ముందుగా కొంత చదువుకొనియు నుండవలెను. టిక్కెట్లకును తినుబండారములకును వెచ్చించిన శ్రద్ధలో నాలుగవ పాలు దీనికి చాలును.

1939 సెప్టెంబరులో జర్మనీ పోలెండుపై బడెను. ఆ నెలలోనే వార్సా బాంబుల పాలయ్యెను. అయిదేండ్ల పరాయి పాలన తరువాత, 1944 ఆగస్టు 1వ తేదీ సాయంకాలము అయిదు గంటలకు నగరవాసులు తిరుగుబాటు చేసిరి. చాలినన్ని ఆయుధములు లేకయే అరువదిమూడు దినములు పోరాడిరి. లక్షన్నర మొదలు రెండు లక్షల వరకు సామాన్య ప్రజలు ప్రాణములు గోల్పోయిరి. లొంగిపోయిన పిమ్మట బ్రదికియున్నవారిని జర్మనులు ఊరి నుండి వెడలగొట్టిరి. ఆ తరువాత జరిగినది యుద్ధము కాదు. ఎదిరించువాడొక్కడును లేని నగరమును, వీథి వెంట వీథిగా, నిప్పుపెట్టియు మందుగుండుతో పేల్చియు కూల్చివేసిరి. రాజుల కోటను పేల్చిరి. గ్రంథాలయములోని పురాతనమైన వ్రాతప్రతులను కాల్చిరి. 1945 జనవరి నాటికి నగరములో నూటికి ఎనుబదియైదు పాళ్లు శిథిలమై పోయెను.

రాజధానిని మరియొకచోటికి మార్చుట మేలని కొందరు తలచిరి. కాని ప్రజలు ఆగలేదు. కూలిన గోడల నడుమకే తిరిగివచ్చి, ఇటుకలను చేతులతో ఏరుచు, తోపుడుబండ్లలో మట్టిని తోలుచు పని మొదలుపెట్టిరి. పాత పట్టణమును ఉన్నదున్నట్లు కట్టవలెనని యాన్ జహ్వాతోవిచ్ అను వాస్తుశిల్పి పట్టుపట్టెను. ఉన్నది ఏమి? అంతయు బూడిదయే కదా! ఇచట రెండు ఆధారములు అక్కరకు వచ్చెను. వార్సా సాంకేతిక విద్యాలయపు విద్యార్థులు యుద్ధమునకు ముందు పాత ఇండ్లను కొలిచి చిత్తరువులు గీసియుంచిరి. పరాయి పాలనలోను రహస్యముగా ఆ పని సాగినది. ఆ కాగితములను నగరము వెలుపల నొక మఠములో దాచి కాపాడిరి. రెండవ ఆధారము పదునెనిమిదవ శతాబ్దమునాటిది. రాజాస్థానమున నుండిన బెర్నార్డో బెల్లొట్టో అను ఇటలీ చిత్రకారుడు 1770వ దశకమున వార్సా వీథులను కిటికీలతో సహా చిత్రించి యుండెను. ఇన్నూరేండ్ల నాటి బొమ్మలు చూచి తాపీపనివారు గోడ లెత్తిరి. విద్యార్థులు గీసిన గీతలు ఒక నగరమునకు ప్రాణము పోయుట ఎనిమిదవ తరగతి బాలుడు వినదగిన వార్త. 1953 నాటికి సంతచౌకము నిలిచెను. కోట మాత్రము చాలకాలము ఖాళీ స్థలముగనే యుండి 1971కి తరువాతనే లేచెను.

ఈ కథలో తండ్రి దాచరాని చిక్కులును కలవు. ఇటుకలు చాలక, వ్రొత్స్వాఫ్, ష్చెచిన్ వంటి ఇతర నగరముల శిథిలముల నుండి రైళ్లలో తెప్పించిరి. ఒక ఊరి గోడకు మరియొక ఊరి గోడ బలియైనది. పందొమ్మిదవ శతాబ్దమున చేర్చిన మార్పులు కొన్నిటిని విడిచి, అంతకు ముందటి రూపమునే ఎన్నుకొనిరి. ఇండ్ల ముఖములు పాతవి. లోపల గదులు మాత్రము కొత్తగా కాపురమునకు వచ్చువారి సౌకర్యమునకు తగినట్లు కట్టినవి. ఇన్ని తెలిసిన మీదటనే 1980లో యునెస్కో ఈ పాత పట్టణమును ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేర్చెను. కట్టడము పాతది కాదు. దానిని మరల నిలిపిన పట్టుదలయే అచట వారసత్వమైనది. దొంగనాణెమునకును దీనికిని భేదమిదియే: దొంగనాణెము తన పుట్టుకను దాచుకొనును, వార్సా దాచుకొనదు. తండ్రియు దాచనక్కరలేదు.

కోటగోడ వెంబడి నొక చిన్న విగ్రహము కలదు. తలకు మించిన ఉక్కుటోపి, కాళ్లకు మించిన బూట్లు, చేత తుపాకి, ఒక పసిబాలుడు. 1944 తిరుగుబాటులో పాల్గొన్న పిల్లల జ్ఞాపకార్థము 1983లో దీనిని ప్రతిష్ఠించిరి. బాలచరులు ఆ దినములలో ఉత్తరములు చేరవేసిరి. వారి ధైర్యము మెచ్చదగినదే. కాని తల్లిదండ్రులు బిడ్డను ఆ విగ్రహము ప్రక్కన నవ్వుచు నిలువబెట్టి ఫోటో తీసికొని పోవుట చూడముచ్చట కాదు. టోపి ఎంత వదులుగా నున్నదో బిడ్డకు చూపవలెను. అది పెద్దల టోపి.

ఇంతవరకు చాలమంది తల్లిదండ్రులు వత్తురు. ఇచటితో నగరదర్శనము ముగిసినదని మంచుమిఠాయి కొని బసకు మరలుదురు. అసలు చిక్కు ఇచటనే కలదు. సంతచౌకమునకు పడమరగా కొంత సేపు నడచినచో మురానూఫ్ అను పేట వచ్చును. అచట మేడల మీద చిత్రములు లేవు, మత్స్యకన్య లేదు. చెట్ల నడుమ మామూలు వాసగృహములు కలవు. అయితే కొన్ని ఇండ్లు మట్టిదిబ్బల మీద నున్నట్లుండును. మెట్లెక్కి వాకిట చేరవలెను. ఆ దిబ్బలు కొండలు కావు. వెనుకటి ఇండ్లు కూలిన చోట, ఆ రాళ్లు ఎత్తివేయకయే వాని మీద కట్టిన ఇండ్లవి.

యుద్ధమునకు ముందు అది యూదుల పేట. 1940 నవంబరులో జర్మనులు దాని చుట్టును గోడ కట్టి నాలుగు లక్షలకు పైబడిన యూదులను అందులో మూసిరి. ఆకలితోను జ్వరములతోను వేలకు వేలు మరణించిరి. 1942 జులై నుండి సెప్టెంబరు వరకు రెండున్నర లక్షలకు మించిన జనమును రైలుపెట్టెలలో ట్రెబ్లింకాకు పంపి చంపిరి. మిగిలినవారు 1943 ఏప్రిలు 19న తిరుగబడిరి. దానిని అణచి పేటనంతయు నేలమట్టము చేసిరి. పాత పట్టణమును కిటికీ వెంట కిటికీగా మరల నిలిపిన నగరము ఈ పేటను అట్లు నిలుపలేదు. డబ్బు చాలదనియు, ఇండ్లు తొందరగా కావలెననియు కారణములు చెప్పవచ్చును. అవియు నిజమే. కాని “మా వీథిని మాకు కట్టియిండు” అని అడుగువారు మిగులకపోవుట వానికంటె పెద్ద కారణముగా తోచును. కట్టిన చౌకమును మాత్రము చూపి కట్టని పేటను విడిచిన తండ్రి బిడ్డకు సగము వార్సానే చూపినవాడగును.

పసివారికి ఇట్టి ఘోరములు చెప్పరాదని పెద్దలు కొందరు అందురు. ఆరేండ్ల బిడ్డ విషయమున వారి మాట త్రోసివేయదగినది కాదు. ఆ బిడ్డకు మత్స్యకన్య చాలును. పదుమూడేండ్ల వాడు వేరు. వాడు బడిలో హిట్లరు పేరు వినియే యుండును, బొమ్మలు చూచియే యుండును. తండ్రి నోరు మెదపకున్న వాడు ఆ సంగతిని తండ్రి నుండి గాక మరెవ్వరి నుండియో, ఎట్లు పడిన అట్లు నేర్చుకొనును. అయితే లక్షల లెక్కలు ఏకరువు పెట్టుట వలన ఫలము లేదు. లక్ష యను మాట పిల్లలకే గాదు, పెద్దలకును గాలిలో పోవును. ఒక్క మనిషి కథ చెప్పినచో నిలుచును.

యానుష్ కోర్చాక్ అను వైద్యుడు పిల్లల కథలు వ్రాసిన రచయిత, వార్సాలో యూదుల అనాథశరణాలయమునకు అధిపతి. గోడ లేచినప్పుడు ఆయన పిల్లలతో గూడ లోపలికి పోయెను. 1942 జులైలో ఆ శరణాలయపు బాలబాలికలు ఒక నాటకము ఆడిరి. అది మన రవీంద్రనాథ టాగూరు వ్రాసిన ‘డాక్ ఘర్’. రోగియై ఇల్లు కదలరాని అమలుడను బాలుడు కిటికీ వద్ద కూర్చుండి దారిని పోవువారితో ముచ్చటించుచు, రాజు వద్ద నుండి రాబోవు ఉత్తరము కొరకు ఎదురుచూచుట అందలి కథ. వాకిలి దాటరాని పిల్లలే వాకిలి దాటరాని అమలుని కథ ఆడిరి. వంగదేశమున పుట్టిన నాటకము అంత దూరమున, అట్టి పిల్లల నోట పలికినదని విన్న తెలుగు బాలునకు వార్సా పరాయి ఊరుగా తోచదు. తరువాత మూడు వారములైనను గడవకముందే, ఆగస్టు మొదటి వారమున, సుమారు రెండు వందల మంది పిల్లలను రైలుకడకు నడిపించిరి. తప్పించుకొను అవకాశము తనకు కలిగినను కోర్చాక్ దానిని స్వీకరింపక పిల్లలతోనే నడచి, వారితోనే ట్రెబ్లింకాలో మరణించెను.

ఆ రైలు కదలిన చోట 1988లో తెల్లని గోడలతో నొక స్మారకమును కట్టిరి. దానిపై నాలుగు వందలకు పైగా పేర్లు అక్షరక్రమమున చెక్కియున్నవి. ఇంటిపేర్లు లేవు, తల్లి పిలుచుకొను పేర్లు మాత్రమే. బిడ్డ వానిని మొదటి నుండి కూడబలుకుకొని చదువబోవును, ఎవరైనను తన యీడువారు అందులో నుండిరా యని అడుగును. ఉండిరని తండ్రి చెప్పవలెను. వాడు కడపటి పేరు వరకు చదువునంత సేపును తొందరపెట్టక ప్రక్కన నిలువవలెను.