తోడు ఎవరొచ్చారు?

ఎండోస్కోపీకి వెళ్తే సిస్టర్ అడిగిన మొదటి ప్రశ్న అదే.

"ఫ్రెండ్ కింద పార్కింగ్‌లో ఉన్నాడండీ" అని అబద్ధం చెప్పేశా. పది నిమిషాల టెస్టుకు రూమ్మేట్ లీవ్ పెట్టడం దేనికని బైక్ మీద ఒక్కడినే వెళ్లా. మధ్యాహ్నం మీటింగ్ కూడా ఒప్పేసుకున్నా.

"అయితే పైకి రమ్మనండి. ఆయన కనిపిస్తేనే మత్తు ఇంజెక్షన్" అందామె. దొరికిపోయా! ఫోన్ చేస్తే మావాడు తిట్టుకుంటూ ముప్పావుగంటలో వచ్చాడు.

ఈలోపు ఇంకా చాలా అడిగింది. చివరిసారి ఎప్పుడు తిన్నారు? గురక వస్తుందా? నిద్రమాత్రలు వాడతారా? ఫారం నింపడానికేమో అనుకున్నా. కాదు. మత్తులో ఉన్నప్పుడు కడుపులో తిండి ఉంటే, అది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అందుకే కనీసం 6 గంటలు ఏమీ తినొద్దంటారు. బాగా గురక పెట్టేవాళ్లకు మత్తులో ఊపిరి ఆడని ముప్పు ఎక్కువ.

వేలికి ఆక్సిమీటర్ క్లిప్ పెట్టి, మిడజోలం ఇచ్చారు. దానికి ఫ్లుమజెనిల్ అనే విరుగుడుంది. కొన్నిచోట్ల వాడే ప్రొపోఫాల్‌కి విరుగుడు లేదు. అందుకే స్కోప్ పట్టుకున్న డాక్టర్ కాకుండా, పేషెంట్ ఊపిరిని మాత్రమే చూసే ఇంకో మనిషి ఉండాలి. 2014లో అమెరికన్ కమెడియన్ జోన్ రివర్స్ న్యూయార్క్‌లో ఇలాంటి అవుట్‌పేషెంట్ ప్రొసీజర్‌లోనే ఆక్సిజన్ అందక, వారం తర్వాత చనిపోయారు. ఇలా జరగడం చాలా అరుదు. అరుదుగానే ఉండాలనే ఆ ప్రశ్నలన్నీ.

టెస్ట్ అయ్యాక "ఫుల్ ఫ్రెష్‌గా ఉన్నా, బైక్ నేనే నడుపుతా" అన్నానట. తాళాలు మావాడి జేబులో ఉండబట్టి బతికిపోయా. క్యాబ్‌లో ఇంటికి తెచ్చాడు. "అన్నానట" అని ఎందుకంటున్నానంటే, నాకేమీ గుర్తులేదు. డాక్టర్ రిపోర్ట్ వివరించిందీ గుర్తులేదు. అమ్మతో ఆరు నిమిషాలు మాట్లాడినట్టు ఫోన్‌లో ఉంది. ఒకే మాట మూడుసార్లు అడిగావురా అంది అమ్మ.

మత్తుతో వచ్చే చిక్కే ఇది. మనం బాగున్నామో లేదో చెప్పాల్సిన బుర్రే మత్తులో ఉంటుంది. కళ్లు తెరిచి నడుస్తున్నాం కదా అని నమ్మేస్తాం. అందుకే 24 గంటలు బండి నడపొద్దు, ముఖ్యమైన సంతకాలు పెట్టొద్దు అంటారు. ఆఫీస్ లాగిన్ కూడా వద్దు బాస్!

మీకూ ఎండోస్కోపీ రాస్తే, మత్తు ఎవరిస్తారు, ఊపిరి ఎవరు చూస్తారు అని మొహమాటపడకుండా అడగండి. వాళ్లడిగినవాటికి నిజం చెప్పండి. తోడు తీసుకెళ్లండి.

మావాడికి బిర్యానీ బాకీ పడ్డా. గ్యాస్ట్రైటిస్ అని తేలింది కాబట్టి వాడు బిర్యానీ, నేను పెరుగన్నం.