ల్యాబ్ పీరియడ్ వృథా కాదు



పేరెంట్స్ మీటింగ్‌లో మార్కులు, ర్యాంకుల గురించి అందరూ అడుగుతారు. ల్యాబ్ గురించి అడిగేవారు తక్కువ. "ఆ టైములో ఇంకో చాప్టర్ రివిజన్ చేయించొచ్చు కదా సార్" అనేవారూ ఉన్నారు. ఆ మాటతో నేను ఏకీభవించను. ఎందుకో ఒక నక్షత్రం ఉదాహరణతో చెబుతాను.

చలికాలం రాత్రి బషీరాబాద్‌లో మేడ ఎక్కి చూస్తే రోహిణి నక్షత్రం ఎర్రగా మెరుస్తుంది. ఆ దిక్కునే, సుమారు 500 కాంతి సంవత్సరాల దూరంలో ఎండబ్ల్యూసీ 480 అనే పసి నక్షత్రం ఉంది. దాని చుట్టూ వాయువు, ధూళి పళ్లెంలా పరుచుకుని తిరుగుతున్నాయి. గ్రహాలు పుట్టేది అలాంటి పళ్లెంలోనే. 2015లో కారిన్ ఓబెర్గ్ బృందం చిలీలోని ఆల్మా టెలిస్కోప్‌తో అక్కడ మిథైల్ సయనైడ్ అనే కర్బన అణువును కనిపెట్టింది. మన తోకచుక్కల్లోనూ ఇది ఉంది. అంటే జీవానికి కావలసిన ముడిసరుకు మన సూర్యుడి దగ్గరే ఉందనుకోనక్కర్లేదు.

అంత దూరాన ఉన్న అణువును ఎలా గుర్తుపట్టారు? స్టవ్ మంట మీద ఉప్పునీళ్లు పొంగితే మంట పసుపుపచ్చగా మారుతుంది. అది సోడియం గుర్తు. అలాగే వాయువులో గిరగిర తిరిగే చాలా రకాల అణువులు తమకే ప్రత్యేకమైన రేడియో తరంగాలను పంపుతాయి, మన వేలిముద్రల్లాగా. టెలిస్కోప్‌కు అందేది ఆ ముద్ర మాత్రమే. అది ఎవరిదో తేలాలంటే అదే అణువు ముద్రను ముందుగా భూమ్మీద ల్యాబ్‌లో ఎవరో ఓపికగా కొలిచి రాసిపెట్టి ఉండాలి. ఈ మిథైల్ సయనైడే అసిటోనైట్రైల్ పేరుతో హైదరాబాద్ ఫార్మా ల్యాబుల్లో సీసాల్లో ఉంటుంది.

కాంతితో అణువులను చదివే విద్య మనకు కొత్తది కాదు. నిజాం కళాశాలలో చదివిన సూరి భగవంతం కలకత్తాలో సి.వి.రామన్ దగ్గర ఆ పరిశోధనే చేశారు. తర్వాత ఉస్మానియా వైస్ ఛాన్సలర్ అయ్యారు.

ర్యాంకు అవసరమే, కాదనను. కానీ ర్యాంకు సీటు దాకా తీసుకెళ్తుంది. ఆ తర్వాత పనికొచ్చేది కళ్లతో చూసి, చేత్తో కొలిచి, నిజం తేల్చుకునే అలవాటు. అది మెటీరియల్ బట్టీ పడితే రాదు.

వచ్చే మీటింగ్‌లో మార్కులతో పాటు మమ్మల్ని ఇంకో ప్రశ్న కూడా అడగండి: "ఈ నెల మా పాప సొంతంగా ఏ ప్రయోగం చేసింది?" మీరు అడిగితేనే ఆ పీరియడ్ టైంటేబుల్‌లో నిలుస్తుంది.

— కెమిస్ట్రీ ఉపాధ్యాయుడు