కృత్రిమ మేధయు, కర్మాగార భద్రతయు

వికారాబాదు జిల్లాలోని తాండూరు ప్రాంతమున నాపరాతి గనులును, సిమెంటు కర్మాగారములును గలవు. అనేక కుటుంబములు వానిపై నాధారపడియున్నవి. సున్నపురాతిని గాల్చు కొలిమిలో నించుమించు 1450 డిగ్రీల వేడిమి యుండును. బొగ్గుపొడి మండుటకు గాలి చాలనిచో కార్బన్ మోనాక్సైడు పుట్టును. అది మితిమీరినచో పేలుడు సంభవింపవచ్చును. ఇట్టి కొలిములను నడుపుటకు కృత్రిమ మేధ సాయమును గొనుట ప్రపంచమున నారంభమైనది. దానివలన బొగ్గు ఆదా యగుట మేలే. కాని యోజింపవలసినది కొంత గలదు.

ఈ మేధ తనకు జూపిన యంకెలనే యెఱుగును. 2020 మే 7వ తేదీ వేకువజామున విశాఖపట్టణమున ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారమునుండి స్టైరీను ఆవిరి వెడలి 12 మంది మరణించిరి. ఆ ట్యాంకున ఉష్ణమాపకము అడుగుననే యుండుటచే పైభాగపు వేడి తెలియలేదనియు, సైరను మ్రోగలేదనియు ప్రభుత్వ విచారణ సంఘము తేల్చినది. అచట కృత్రిమ మేధయే యున్నను, ఆ యడుగు మాపకమును నమ్మి "అంతయు క్షేమమే" యని యుండెడిది. 2018, 2019 సంవత్సరములలో 346 మందిని బలిగొన్న రెండు బోయింగు 737 మాక్స్ విమానముల ప్రమాదములలో యంత్రము ఒక్క సూచిక చెప్పిన తప్పు లెక్కను నమ్మి విమానపు ముక్కును క్రిందికి ద్రోసినది.

మన వంటయింటి కుక్కరును జూడుడు. ఆవిరి విడుచు విజిలు గలదు. అది మూసికొనిపోయినచో కాపాడుటకు సేఫ్టీ వాల్వు వేఱుగా గలదు. ఒకదాని లోపము రెండవదాని నంటదు. అట్లే కర్మాగారమున నడుపు మేధ వేఱు, ఆపు సాధనము వేఱుగా నుండవలెనని మా యభిప్రాయము. ఆపుటకు మనుష్యున కధికారమే గాక అభ్యాసమును ఉండవలెను. నిత్యము యంత్రమే నడుపుచుండగా చేతికి విద్య మఱుగుపడును; ఆపదవేళ నది యొక్కసారిగా రాదు.

1984లో జరిగిన భోపాలు ఘోరము తరువాత, 1987లో ఫ్యాక్టరీల చట్టమును సవరించి, అపాయకర పరిశ్రమలు సమీపవాసులకు ప్రమాద విషయములు తెలుపవలెనని విధించిరి. కావున అడుగుటకు మనము సంకోచింపరాదు. పనికి బోవు మీవారిని ఈ మూడు ప్రశ్న లడుగుడు: యంత్రము చెప్పినది తప్పని తోచినచో నాపు నధికార మెవరిది? ఆపుట నెన్నడైన అభ్యసించిరా? సైరను మ్రోగినచో పిల్లలతో మేమే దిక్కునకు బోవలెను?

వీనికి వెంటనే ప్రత్యుత్తరము రానిచో, కర్మాగారపు యజమానులనే యడుగవలసి యున్నదని తెలియునది.