మాఫీ కాని అప్పు

రైతు అప్పు అనగానే మనకు బ్యాంకు, సొసైటీ, ఎరువుల దుకాణం, కమీషన్ ఏజెంటు గుర్తుకొస్తారు. మన సభల్లో లెక్క తీసేది, కరపత్రాల్లో రాసేది వీటి గురించే. కానీ ఊళ్లో ఇంటింటికీ పోయి "ఈ అప్పు ఎందుకైంది?" అని అడిగి చూడండి. ఒకరు బోరు అంటారు, ఒకరు బిడ్డ పెండ్లి అంటారు. వీటితో సమానంగా వినిపించే మాట ఇంకొకటుంది. దవాఖాన.

2024 జూలై, ఆగస్టు నెలల్లో రాష్ట్ర ప్రభుత్వం రెండు లక్షల దాకా పంట రుణాలు మాఫీ చేసింది. ఎందరికి అందింది, ఎందరు మిగిలారు అనేది వేరే కొట్లాట, అది నడుస్తూనే ఉంటుంది. ఆ మాఫీకి లెక్కలోకి వచ్చింది మాత్రం బ్యాంకులో తీసుకున్న పంట అప్పే. దవాఖాన అప్పు బ్యాంకు పుస్తకంలో ఉండదు. అది ప్రామిసరీ నోటు మీద, కుదువ పెట్టిన బంగారం మీద, నూటికి మూడు రూపాయల మిత్తి మీద ఉంటుంది. దాన్ని ఇంతవరకు ఏ ప్రభుత్వమూ మాఫీ చేయలేదు. మనం కూడా అడగలేదు.

"ఆరోగ్యశ్రీ ఉంది కదా" అని ఎవరైనా అనొచ్చు. ఉంది. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఈ పథకం లక్షల ఇండ్లను నిలబెట్టింది. ఆ మాట కాదంటే అబద్ధమాడినట్టే. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో దాని పరిమితి ఐదు లక్షల నుంచి పది లక్షలకు పెరిగింది. అయితే ఈ పది లక్షలు మన చేతిలో ఉన్న డబ్బు కాదు. ట్రస్టుతో ఒప్పందం ఉన్న దవాఖానలో, ఒప్పందం ఉన్న విభాగంలో, జాబితాలో ఉన్న చికిత్సకు మాత్రమే అది పనిచేస్తుంది. ఆ గీత అవతల కాలు పెడితే కార్డు ఉన్నా లేనట్టే. బయట ఖర్చు పెట్టుకుని తర్వాత బిల్లులు తెస్తే ట్రస్టు తిరిగి ఇవ్వదు.

ఇక్కడే మనవాళ్లు మోసపోతున్నారు. దవాఖాన ముందు ఆరోగ్యశ్రీ బోర్డు ఉంటే అన్ని జబ్బులకూ ఉచితమే అనుకుంటారు. ఒప్పందం విభాగాల వారీగా ఉంటుందని చాలామందికి తెలియదు. ఎముకలకు ఉన్నచోట గుండెకు ఉండకపోవచ్చు. ఆ సంగతి చెప్పాల్సినవాళ్లు మనిషిని లోపల పడుకోబెట్టి, డబ్బు కట్టించుకున్నాక చెప్తారు.

మా దిక్కున జరిగిన ఒక సంగతి చెప్తాను. రెండెకరాల రైతు. రాత్రి పూట ఛాతీలో నొప్పి వచ్చింది. ఊరి ఆర్‌ఎంపీ చూసి, తనకు తెలిసిన అంబులెన్సును పిలిచాడు. అంబులెన్సు డ్రైవరు తనకు తెలిసిన దవాఖానకు తీసుకుపోయాడు. ఇంటామె, కొడుకు కార్డు పట్టుకునే పోయారు. కౌంటర్ దగ్గర "ముందు పేషెంటును చూడనీయండమ్మా, కార్డు సంగతి పొద్దున చూద్దాం" అన్నారు. పొద్దున "మా దగ్గర గుండెకు ఆరోగ్యశ్రీ లేదు" అన్నారు. అప్పటికే స్టెంటు వేశారు, ఐసీయూలో పెట్టారు. ఐదో రోజుకు బిల్లు నాలుగు లక్షల అరవై వేలయింది. పుస్తెలతాడు కుదువ పెడితే అరవై వేలు వచ్చాయి. మిగతా నాలుగు లక్షలు మూడు రూపాయల మిత్తికి తెచ్చారు. మనిషి బతికాడు, సంతోషమే. ఇల్లు మాత్రం మునిగింది.

దీన్ని మన లెక్కలో చూద్దాం. నాలుగు లక్షలకు నూటికి మూడు రూపాయల చొప్పున నెలకు మిత్తి 12,000. ఏడాదికి 1,44,000. 2025-26కు సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. అంటే ఏడాది మిత్తి కట్టడానికే దాదాపు 61 క్వింటాళ్ల వడ్లు అమ్మాలి. రెండెకరాల్లో ఒక పంటకు 50 క్వింటాళ్లు పండినా, దున్నినదానికి, కోసినదానికి ఒక్క రూపాయి తీయకుండా మొత్తం అమ్మినా మిత్తికే చాలదు. అసలు అట్లనే ఉంటుంది. రైతు భరోసా ఎకరాకు ఏడాదికి 12,000 అంటున్నారు, రెండెకరాలకు 24,000. అది రెండు నెలల మిత్తి. మద్దతు ధర కోసం మనం పదేళ్లు కొట్లాడి తెచ్చుకున్న పెంపును దవాఖాన కౌంటర్ ఐదు రోజుల్లో తీసుకుంటుంది.

ఇంకో సంగతి కూడా ఆలోచించండి. 2018 ఆగస్టు నుంచి మనకు రైతు బీమా ఉంది. 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు చనిపోతే ఎల్‌ఐసీ ద్వారా కుటుంబానికి ఐదు లక్షలు వస్తాయి. మంచి పథకమే, ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది. అయితే అదే రైతు చావకుండా దవాఖాన నుంచి బతికి బయటపడితే ఆ బీమా నుంచి ఒక్క పైసా రాదు. చచ్చిన రైతు ఇంటికి ఐదు లక్షలు, బతికిన రైతు ఇంటికి నాలుగు లక్షల అప్పు. ఈ లెక్క ఎక్కడో తప్పింది.

"సర్కారు దవాఖానకు పోవచ్చు కదా" అనే ప్రశ్న వస్తుంది. పోవాలి, పోతున్నారు కూడా. పాముకాటుకు, పురుగుమందు కేసుకు పెద్ద దిక్కు ఇప్పటికీ ఉస్మానియా, గాంధీలే. కానీ భయం ఎందుకు పుట్టిందో కూడా చూడాలి. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వ దవాఖానలో ఒకే రోజు 34 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. మిగిలినవాళ్లను ఆగమాగంగా హైదరాబాద్ దవాఖానలకు తరలించారు. ఆ తర్వాత మా పల్లెల్లో "సర్కారు దవాఖాన" అంటే మనుషులు వెనకడుగు వేస్తే వాళ్ల తప్పేముంది? సర్కారు దవాఖాన మీద నమ్మకం పోయిన ప్రతిసారీ లాభపడేది సాగర్ రోడ్డు మీది ప్రైవేటు దవాఖానలే.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌కు మనలో చాలామంది మామిడి, బత్తాయి తీసుకుపోయినవాళ్లే. ఆ మార్కెట్‌ను ఖాళీ చేయించి, ఆ స్థలంలో వెయ్యి పడకల సూపర్ స్పెషాలిటీ దవాఖానకు 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. మార్కెట్ బాటసింగారం పోయింది. దవాఖాన కోసమే కదా అని రైతు కూడా సర్దుకున్నాడు. మూడేళ్లు గడిచి 2025 వచ్చినా అక్కడ పనులే నడిచాయి. రైతు తన మార్కెట్ ఇచ్చాడు, మంచం మాత్రం దొరకలేదు.

ప్రైవేటు దవాఖానల వాళ్ల మాట కూడా వినాలి. వాళ్లు రెండు సంగతులు చెప్తారు. ఆరోగ్యశ్రీ రేట్లు తక్కువ, ఇచ్చేవి కూడా నెలల తరబడి ఆపుతున్నారు అని. రెండో మాటలో నిజముంది. 2025 జనవరిలో ఒకసారి, సెప్టెంబర్‌లో మరోసారి నెట్‌వర్క్ దవాఖానలు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేశాయి. వెయ్యి కోట్లకు పైగా బాకీ ఉందని వాళ్ల సంఘం చెప్పింది. చర్చలు జరిగి, కొంత డబ్బు విడుదల చేస్తామన్నాక మళ్లీ మొదలుపెట్టాయి. వడ్లు కొని నెలల తరబడి డబ్బు వేయకపోతే ఎట్లుంటుందో మనకు తెలుసు కాబట్టి బకాయి కట్టమని మనమూ అడగాలి. కానీ ప్రభుత్వం బాకీ పడితే దాన్ని ప్రభుత్వం దగ్గరే వసూలు చేసుకోవాలి. ప్రాణం మీదికి వచ్చిన మనిషి భార్య మెడలోని పుస్తెలతాడు మీద కాదు.

చట్టం ఏమంటుందో మనవాళ్లు తెలుసుకోవాలి. 1992లో పశ్చిమ బెంగాల్‌లో ఒక వ్యవసాయ కూలీ రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలింది. ఒకదాని తర్వాత ఒకటిగా ప్రభుత్వ దవాఖానలు మంచం లేదని తిప్పి పంపాయి. చివరికి ప్రైవేటు దవాఖానలో చేరి, ఆ రోజుల్లోనే దాదాపు 17,000 రూపాయలు ఖర్చు పెట్టుకున్నాడు. అతను సభ్యుడిగా ఉన్న వ్యవసాయ కార్మికుల సంఘం, పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి, సుప్రీంకోర్టుకు పోయింది. 1996 మే 6న తీర్పు వచ్చింది. అత్యవసరంలో చికిత్స అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును కాలరాయడమేనని, డబ్బుల్లేవని ప్రభుత్వం తప్పించుకోరాదని కోర్టు చెప్పింది. 25,000 పరిహారం ఇప్పించింది. మనలాంటి కూలీల సంఘమే దేశానికంతటికీ ఈ హక్కు సాధించింది. ఈ పని మన పని కాదని అనుకోవద్దు.

2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం తెలంగాణలోనూ ఉంది. దాని ప్రకారం ప్రతి దవాఖాన తన రేట్లను స్థానిక భాషలో, ఇంగ్లీషులో కనిపించేటట్టు రాసిపెట్టాలి. ప్రాణాపాయంలో వచ్చిన మనిషిని తన దగ్గరున్న వసతితో ముందు నిలబెట్టాలి. జిల్లాలో దీన్ని చూసుకోవాల్సింది కలెక్టర్, జిల్లా వైద్యాధికారి. రేట్లు ఖరారు చేయకుండా ఏండ్ల తరబడి ఎందుకు ఊరుకున్నారని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని గట్టిగా అడిగింది. రేట్లకు పరిమితి పెట్టడం కుదరదు అనే మాట కూడా నిజం కాదు. 2020 జూన్‌లో కరోనా చికిత్సకు మన రాష్ట్ర ప్రభుత్వమే పరిమితి పెట్టింది. మామూలు వార్డుకు రోజుకు 4,000, ఐసీయూకు 7,500, వెంటిలేటర్ ఉంటే 9,000. ఎక్కువ వసూలు చేశారని ఆ ఆగస్టులో కొన్ని ప్రైవేటు దవాఖానల కరోనా చికిత్స అనుమతి కూడా రద్దు చేసింది. అప్పుడు చేసిన పని ఇప్పుడు ఎందుకు చేయలేరు?

బయటి దేశాలనూ చూద్దాం. మన పిల్లలు చాలామంది ఉన్న అమెరికాలో వైద్యం ఎంత ఖరీదో అందరికీ తెలుసు. అక్కడ కూడా 2022 జనవరి 1 నుంచి ఒక చట్టం వచ్చింది. అత్యవసరంలో బీమా ఉన్న మనిషిని నెట్‌వర్క్‌లో లేని దవాఖానకు తీసుకుపోయినా, నెట్‌వర్క్‌లో అయితే ఎంత కట్టాలో అంతే అడగాలి. మిగతాది దవాఖాన, బీమా కంపెనీ తేల్చుకోవాలి. మన దేశంలో రాజస్థాన్ 2023లో ఆరోగ్య హక్కు చట్టం చేసింది. అత్యవసరంలో ముందుగా డబ్బు కట్టమనకుండా చికిత్స చేయాలని, రోగి కట్టలేకపోతే ప్రభుత్వం ఇవ్వాలని అందులో రాసుకుంది.

కాబట్టి మన సంఘం ఈ నాలుగు అడగాలని నా అభిప్రాయం.

ఒకటి, ప్రాణాపాయంలో కార్డుదారు ఏ దవాఖానకు చేరినా, కోలుకుని వేరేచోటికి మార్చే స్థితి వచ్చేదాకా ఆరోగ్యశ్రీ రేటుకే చికిత్స చేయాలి. ఆ డబ్బు ట్రస్టు దవాఖానకే నేరుగా చెల్లించాలి.

రెండు, ప్రతి దవాఖాన గుమ్మం దగ్గర ఏ ఏ విభాగాలకు ఆరోగ్యశ్రీ ఉందో, దేనికి లేదో తెలుగులో పెద్ద అక్షరాలతో రాయాలి. రాయని దవాఖాన ఆ రోగి దగ్గర డబ్బు వసూలు చేయరాదు.

మూడు, నెట్‌వర్క్ దవాఖానల బకాయిలు గడువులోగా చెల్లించాలి. సేవలు ఆగితే మునిగేది రోగే.

నాలుగు, ఇబ్రహీంపట్నం దవాఖానలో ఇరవై నాలుగు గంటలూ డాక్టర్లు, గుండె, పాముకాటు, విషం కేసులకు మొదటి చికిత్స ఉండాలి. గడ్డిఅన్నారం దవాఖాన తెరవాలి.

ఇవి సాధించేదాకా ఊళ్లో ఆపద వస్తే ఎవరూ ఒంటరిగా కౌంటర్ ముందు నిలబడకుండా చూడాలి. ప్రాణం మీదికొస్తే దగ్గరి దవాఖానకే పోవాలి, అందులో ఆలోచన వద్దు. అంబులెన్సుకు 108కి కొట్టండి. మనిషి దారిలో ఉండగానే ఇంటి దగ్గరున్నవాళ్లు 104కు ఫోన్ చేసి ఆ జబ్బుకు ఎక్కడ ఆరోగ్యశ్రీ ఉందో కనుక్కోండి. దవాఖానలో ఆరోగ్యమిత్ర ఎక్కడని మొదటి మాటగా అడగండి. లేడంటే, మనిషి నిలదొక్కుకోగానే నెట్‌వర్క్ దవాఖానకు మార్చమని కాగితం మీద రాసివ్వండి. ఖర్చు అంచనా రాతపూర్వకంగా అడగండి. మందులు బయట కొనుక్కునే హక్కు మీకుంది. ఒక్కోదానికి ఎంతో విడివిడిగా రాసిన బిల్లు, రిపోర్టుల నకళ్లు తీసుకోకుండా రావద్దు. బిల్లు కట్టలేదని మనిషిని గానీ, శవాన్ని గానీ ఆపరాదని జాతీయ మానవ హక్కుల సంఘం రోగుల హక్కుల పత్రంలో ఉంది.

బిల్లు కట్టేశాక కూడా దారులున్నాయి. అసలు బిల్లులతో ఎమ్మెల్యే ద్వారా ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు పెట్టండి. మొత్తం రాదు, కొంత భారం తగ్గుతుంది. అన్యాయంగా వసూలు చేశారనిపిస్తే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోండి. ఐదు లక్షల లోపు కేసులకు ఫీజు లేదు. సలహా కోసం 1915కి ఫోన్ చేయొచ్చు.

ప్రతి గ్రామ కమిటీలో ఇద్దరు ఈ పని మీద ఉండాలి, ఒక ఆడమనిషి తప్పకుండా ఉండాలి. ఎందుకంటే కుదువకు పోయేది ముందు ఆమె బంగారమే. ఈ ఏడాది సభ్యత్వం రాయించేటప్పుడు ప్రతి ఇంట్లో పంట అప్పు ఎంతో రాసుకున్నట్టే దవాఖాన అప్పు ఎంతో కూడా రాసుకుందాం. ఊరి పేరు, దవాఖాన బిల్లు, తెచ్చిన మిత్తి రేటు. ఆ లెక్క మన చేతిలో ఉంటే కలెక్టర్ ముందు, మంత్రి ముందు గట్టిగా నిలబడి మాట్లాడగలం. గిట్టుబాటు ధర ఎంత న్యాయమైన డిమాండో, ఇదీ అంతే న్యాయమైనది.

– రైతు సంఘం కార్యకర్త, బాలాపూర్, ఇబ్రహీంపట్నం, రంగారెడ్డి జిల్లా