‘బరువు తగ్గండి’ అన్న చోటే పరీక్ష ఆగిపోతే...

ఆయాసమని వెళ్లినా, మోకాళ్ల నొప్పులని వెళ్లినా, నెలసరి క్రమం తప్పిందని వెళ్లినా, కాస్త లావుగా ఉన్నవారికి ఓపీ గదిలో తరచూ వినిపించే జవాబు ఒక్కటే: ‘ముందు బరువు తగ్గండమ్మా, మిగతావన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి.’ చాలా సందర్భాల్లో ఈ సలహాలో తప్పు లేదు. చిక్కల్లా అది సలహాగా ఉండక, రోగనిర్ధారణ స్థానాన్ని ఆక్రమించినప్పుడే. బరువే కారణమని తేల్చేశాక ఇంకో కారణాన్ని వెతకాల్సిన అవసరం వైద్యుడికి కనిపించదు. రక్తపరీక్ష రాయరు, స్కానింగ్ రాయరు. రోగి ఆరు నెలల తరువాత అదే బాధతో, బరువు తగ్గలేదన్న అపరాధ భావాన్ని అదనంగా మోసుకుంటూ తిరిగి వస్తారు. కొందరు అసలు తిరిగి రారు.

ఈ విషయాన్ని ఇప్పుడు చర్చించడానికి కారణం ఉంది. 2025 జనవరిలో లాన్సెట్ డయాబెటిస్ అండ్ ఎండోక్రైనాలజీ కమిషన్ ఊబకాయాన్ని నిర్ధారించే పద్ధతినే మార్చాలని ప్రతిపాదించింది. ఎత్తు, బరువుల నిష్పత్తిగా లెక్కించే బీఎంఐ ఒక్కదానితోనే ఒక మనిషిని రోగిగా పరిగణించరాదని, నడుము చుట్టుకొలత వంటి కొలతలతో పాటు అవయవాల పనితీరు దెబ్బతిన్నదా లేదా అన్నది చూడాలని ఆ కమిషన్ చెప్పింది. 70కి పైగా వైద్య సంఘాలు దీనిని సమర్థించాయి. ఆ మరుసటి నెలలోనే ప్రధాని నరేంద్ర మోదీ ‘మన్ కీ బాత్’లో ఊబకాయాన్ని ప్రస్తావించి, వంటనూనె వాడకాన్ని 10 శాతం తగ్గించాలని పిలుపునిచ్చారు. మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ అనే బరువు తగ్గించే ఇంజెక్షన్లు భారతీయ మార్కెట్‌లోకి వచ్చాయి. బరువు గురించి దేశం ఇంతగా మాట్లాడుకుంటున్న వేళ, బరువు పేరుతో ఏ జబ్బులు కంటపడకుండా పోతున్నాయన్న ప్రశ్న మాత్రం పెద్దగా వినిపించడం లేదు.

ఒకే శరీరంలో రెండు అంకెలు

తెలుగు రాష్ట్రాల మహిళలకు సంబంధించి ఈ ప్రశ్నకు సమాధానంలో కొంత భాగం ప్రభుత్వ లెక్కల్లోనే ఉంది. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో 36.3 శాతం మంది అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నారు. అదే సర్వే, అదే వయసు మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని చెబుతోంది. తెలంగాణలో ఈ అంకెలు వరుసగా 30.1, 57.6. అధిక బరువు సంపన్నుల సమస్య, రక్తహీనత పేదల సమస్య అన్న పాత విభజన ఈ లెక్కల ముందు నిలవదు. రెండూ ఒకే ఇంట్లో, అనేకసార్లు ఒకే మనిషిలో ఉంటాయి.

అయినా మన సమాజంలో ‘దిట్టంగా ఉంది, ఆమెకు రక్తం లేకపోవడమేమిటి’ అన్న భావన బలంగా ఉంది. వైద్యులూ ఈ సమాజంలోంచి వచ్చినవారే. మెట్లెక్కితే ఆయాసం, గుండెదడ, నీరసం అని సన్నగా ఉన్న మహిళ చెబితే ముందుగా హిమోగ్లోబిన్ పరీక్ష రాస్తారు. అవే మాటలు లావుగా ఉన్న మహిళ చెబితే బరువు తూచే యంత్రం వైపు చూపిస్తారు. నిజానికి ఆమెకు నెలనెలా అధిక రక్తస్రావం అవుతుండవచ్చు, గర్భాశయంలో ఫైబ్రాయిడ్లు ఉండవచ్చు. పైగా ఊబకాయం వల్ల శరీరంలో కొనసాగే స్వల్ప వాపు స్థితి హెప్సిడిన్ అనే హార్మోన్‌ను పెంచి, తిన్న ఆహారంలోంచి ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుకుంటుంది. అంటే లావుగా ఉండటం రక్తహీనత లేదనడానికి రుజువు కాదు సరికదా, దానికి ఒక కారణం కూడా కావచ్చు. హిమోగ్లోబిన్ పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే జరుగుతుంది. ఖరీదైనదీ కాదు, అరుదైనదీ కాదు. అది జరగకపోవడానికి డబ్బు కారణం కాదు.

పరికరాలు సైతం తప్పుదారి పట్టించగలవు. రక్తపోటు చూసేటప్పుడు చేతికి చుట్టే పట్టీ సాధారణంగా అందరికీ ఒకటే సైజు. బాగా లావైన చేతికి చిన్న పట్టీ చుడితే రీడింగు అసలు కన్నా ఎక్కువగా వస్తుంది. 2023లో జామా ఇంటర్నల్ మెడిసిన్ పత్రికలో వెలువడిన అధ్యయనంలో, అతి పెద్ద పట్టీ అవసరమైనవారికి మామూలు పట్టీ వాడినప్పుడు పై అంకె సుమారు 20 పాయింట్లు ఎక్కువగా నమోదైంది. బీపీ లేని మనిషికి బీపీ మాత్రలు మొదలుపెట్టడానికి ఆ తేడా చాలు.

కొలబద్ద ఎవరి కోసం తయారైంది?

బీఎంఐ సూత్రాన్ని 1830ల్లో రూపొందించిన అడాల్ఫ్ కెటలే వైద్యుడు కాదు, బెల్జియంకు చెందిన గణాంక శాస్త్రవేత్త. ఒక జనసమూహంలో ‘సగటు మనిషి’ ఎలా ఉంటాడన్నదే ఆయన అన్వేషణ. దానికి బాడీ మాస్ ఇండెక్స్ అన్న పేరును 1972లో అమెరికన్ శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ స్థిరపరిచారు. జనాభా స్థాయిలో ధోరణులను పోల్చడానికి పనికొచ్చే ఆ లెక్క, ఓపీ గదిలో ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషి గురించి తీర్పు చెప్పే సాధనంగా మారింది.

ఆ సాధనం భారతీయుల విషయంలో రెండు వైపులా పొరబడుతుంది. 2004లో లాన్సెట్ పత్రిక పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్‌కిన్‌ల ఫొటోను ప్రచురించింది. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. శరీరంలోని కొవ్వు మాత్రం యుడ్‌కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. చూడటానికి సన్నగా ఉన్నా పొట్ట లోపల కొవ్వు పేరుకునే భారతీయ శరీర లక్షణాన్ని వైద్య ప్రపంచానికి ఆ ఒక్క ఫొటో పరిచయం చేసింది. భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని 2009లో ఇక్కడి నిపుణులు హద్దులు తగ్గించడానికి ఇటువంటి పరిశోధనలే పునాది. అయితే హద్దును తగ్గించడంతో సమస్య సగమే తీరింది. సన్నగా ఉన్నవారికి ‘మీకేం, సన్నగా ఉన్నారు’ అంటూ షుగర్ పరీక్ష వాయిదా వేయడం, లావుగా ఉన్నవారికి ‘మీ సమస్య బరువే’ అంటూ మిగతా పరీక్షలన్నీ వాయిదా వేయడం ఒకే పొరపాటుకు రెండు రూపాలు. ఇద్దరి విషయంలోనూ కన్ను చూసినదే పరీక్ష అయింది.

వైద్యుల వైపు నుంచి చూస్తే

బరువుకూ వ్యాధికీ సంబంధం లేదనడం సత్యదూరం. మోకాలి కీళ్ల అరుగుదల, నిద్రలో శ్వాస ఆగిపోయే జబ్బు, టైప్-2 మధుమేహం వంటి వాటిలో బరువు పాత్ర స్పష్టంగా రుజువైంది. బ్రిటన్‌లో జరిగిన డైరెక్ట్ అనే పరిశోధనలో, ఏడాదిలో 15 కిలోలు అంతకు మించి తగ్గినవారిలో 86 శాతం మందికి మధుమేహం మందులు అవసరం లేని స్థాయికి వచ్చింది. ఈ విషయం తెలిసిన వైద్యుడు బరువు మాట ఎత్తకపోతే అదీ నిర్లక్ష్యమే అవుతుంది.

సమయం కూడా లేదు. 2017లో బీఎంజే ఓపెన్ పత్రిక 67 దేశాల సమాచారాన్ని పరిశీలించినప్పుడు, భారత్‌లో ప్రాథమిక స్థాయి వైద్యుడు ఒక రోగితో గడిపే సమయం సుమారు రెండు నిమిషాలని తేలింది. స్వీడన్‌లో అది 22.5 నిమిషాలు. రెండు నిమిషాల్లో రోగి వేషం, ఒడ్డు, పొడుగు చూసి ఒక అంచనాకు రావడం తప్ప వైద్యుడికి వేరే దారి ఉండదు. అయితే ఆ అంచనా ఖరీదు చెల్లించేది రోగి. కెనడాలో 2018లో క్యాన్సర్‌తో మరణించిన ఒక మహిళ, ఎన్నో ఏళ్లు వైద్యులు తన బాధకు బరువు తగ్గడం తప్ప మరో పరిష్కారం సూచించలేదన్న మాటను తన మరణ ప్రకటనలో చేర్చాలని కోరారు. ఆమె మరణానికి కొద్ది రోజుల ముందే వ్యాధి బయటపడింది.

అవమానం మరో రకంగానూ హాని చేస్తుంది. బరువు గురించి మాట పడాల్సి వస్తుందని భయపడేవారు ఆసుపత్రికి వెళ్లడమే మానుకుంటారు. భారత్‌లో 30-49 ఏళ్ల మహిళల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవారు 1.9 శాతమేనని పైన చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వే వెల్లడించింది. ఇందుకు అవగాహన లేకపోవడం, సదుపాయాల కొరత ప్రధాన కారణాలు. అసలే గడప దాటడానికి వెనకాడే మహిళకు బల్ల మీద పడుకోగానే శరీరం గురించి వ్యాఖ్య వినిపిస్తే ఆమె రెండోసారి రాదు. పీసీఓఎస్‌పై 2023లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఈ కళంకాన్ని పేరు పెట్టి గుర్తించాయి. బరువు తూచే ముందు, దాని గురించి మాట్లాడే ముందు రోగి అనుమతి అడగాలని సూచించాయి. మన ఓపీల్లో వరుసలో నిలబెట్టి, అందరికీ వినపడేలా బరువు చదివి రాయించే పద్ధతికి ఇది ఎంత దూరమో చెప్పనక్కర్లేదు.

రోగి చేతిలో ఏముంది?

డాక్టరు గారిని ప్రశ్నించడం అమర్యాదగా భావించే చోట రోగికి గల అవకాశాలు పరిమితమే. ఒక ప్రశ్న మాత్రం మర్యాదకు భంగం కలగకుండా అడగవచ్చు: ‘ఇవే లక్షణాలతో సన్నగా ఉన్నవారు వస్తే మీరు ఏ పరీక్షలు రాస్తారండీ?’ బరువు తగ్గే ప్రయత్నం చేస్తానని ఒప్పుకుంటూనే ఆ పరీక్షలు చేయమని కోరవచ్చు. ఎప్పటినుంచి బాధ ఉంది, బరువు పెరగక ముందూ ఉందా అన్నది ఒక కాగితంపై రాసుకుని వెళితే రెండు నిమిషాలు కొంత సార్థకమవుతాయి. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రం మరో వైద్యుడి అభిప్రాయం తీసుకునే హక్కును గుర్తించింది. వైద్య రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి చెబుతోంది. రెండో అభిప్రాయానికి వెళ్లేవారికి ఆ కాగితాలు అవసరం.

బరువు తగ్గించే ఇంజెక్షన్ల వాడకం పెరిగే కొద్దీ మరో జాగ్రత్త అవసరమవుతుంది. లావుగా ఉన్న మనిషి ఉన్నట్టుండి చిక్కిపోతే ఇంట్లోనూ, ఆసుపత్రిలోనూ అభినందనలే ఎదురవుతాయి. కానీ ప్రయత్నం లేకుండా బరువు తగ్గడం క్షయకు, అదుపు తప్పిన మధుమేహానికి, కొన్ని క్యాన్సర్లకు తొలి సంకేతం. ప్రపంచంలోని క్షయ రోగుల్లో నాలుగో వంతు భారత్‌లోనే ఉన్నారు. సన్నని మనిషి ఐదు కిలోలు తగ్గితే కఫం పరీక్షకు పంపే వైద్యుడు, 90 కిలోల మనిషి అదే ఐదు కిలోలు తగ్గినప్పుడు కూడా ఎలా తగ్గారని అడగవలసి ఉంటుంది.