బండిని మార్చాలా, బండికి మార్పులు చేయించాలా?



ఆదివారం ఆరాధన ముగిశాక వేపచెట్టు కింద బండ్ల దగ్గర నిలబడి మాట్లాడుకునే కుర్రవాళ్ల మధ్య ఈ మధ్య ఒకే ప్రశ్న తిరుగుతోంది. ఉన్న 300 సీసీ స్పోర్ట్స్ బండికి లక్ష రూపాయలు పెట్టి సైలెన్సర్, ఫిల్టర్, రీమ్యాప్ అన్నీ చేయించుకోవాలా? లేక దాన్ని అమ్మేసి, మిగతాది ఫైనాన్స్ పెట్టి 650కి వెళ్లాలా? పాస్టరుగారికి బండ్ల సంగతి ఎందుకని మీలో కొందరు నవ్వుకోవచ్చు. కుర్రవాడు పడిపోతే ఆసుపత్రికి ముందు పిలిచేది మమ్మల్నే. ఆ ఇంటి వాకిట్లో తల్లి పక్కన కూర్చునేదీ మేమే. కాబట్టి ఈ విషయంలో మా మాట మేము చెప్పవలసినదే.

మా అభిప్రాయం దాచకుండా ముందే చెబుతాము. ఇంజిన్ జోలికి పోకండి. మీ ప్రయాణం పెరిగితే పెద్ద బండి కొనుక్కోవడంలో తప్పు లేదు, కానీ మీ ప్రయాణం నిజంగా పెరగాలి. ఈలోగా చేతిలో డబ్బు ఉంటే, బండి పరుగెత్తడానికి కాక ఆగడానికి ఖర్చు పెట్టండి.

ఇంజిన్ జోలికి ఎందుకు వద్దంటున్నామో కాస్త వివరంగా చూద్దాం. నింజా 300నే తీసుకోండి. కంపెనీ లెక్కలో దాని శక్తి 39 పీఎస్. మెకానిక్ మాట నమ్మి సైలెన్సర్ మార్చి, గాలి ఫిల్టర్ మార్చి, కంప్యూటర్ రీమ్యాప్ చేయించారు. నాలుగు పీఎస్ పెరిగిందనే అనుకుందాం, అది ఉదారంగా వేసిన లెక్కే. అంటే పది శాతం. మరి వేగం కూడా పది శాతం పెరుగుతుందా? పెరగదు. వేగం పెరిగేకొద్దీ ఎదురుగాలిని చీల్చుకుపోవడానికి కావలసిన శక్తి వేగానికి ఘనంగా పెరుగుతుంది. పది శాతం శక్తి పెరిగితే గరిష్ఠ వేగం పెరిగేది మూడు శాతం మాత్రమే. 160 వెళ్లే బండి 165 వెళ్తుంది. ఆ ఐదు కిలోమీటర్ల కోసమా లక్ష రూపాయలు? మన పంచాయతీ రోడ్డు మీద, మధ్యలో వడ్లు ఆరబోసిన చోట, ఆ 165 ఎక్కడ చూసుకుంటారు?

"వేగం కోసం కాదండీ, లాగుడు కోసం" అని ఒక సహోదరుడు మాతో వాదించాడు. అతని మాటలో కొంత నిజముంది. అయితే లాగుడే కావాలంటే ముందు స్ప్రాకెట్‌లో ఒక పన్ను తగ్గిస్తే సరిపోతుంది. 14 పళ్లది తీసి 13 పళ్లది వేస్తే చక్రానికి అందే బలం ఏడెనిమిది శాతం పెరుగుతుంది. కొన్ని వందల రూపాయల పని. అదీ ఉచితంగా రాదు సుమా! అదే వేగానికి ఇంజిన్ ఎక్కువ తిరుగుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, పై గేరులో వేగం తగ్గుతుంది. ఒకచోట తీయకుండా ఇంకొకచోట పెట్టడం యంత్రాలకు చేతకాదు.

ఇక సైలెన్సర్. కంపెనీ ఇచ్చిన గొట్టంలో పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. మొత్తం గొట్టాన్ని తీసేసి బయటిది బిగిస్తే అది పోతుంది. దానికి తగ్గట్టు ఇంధనం సర్దకపోతే గాలి ఎక్కువై, పెట్రోలు తక్కువై ఇంజిన్ వేడెక్కుతుంది. పెరిగేది శబ్దం. శబ్దాన్నే శక్తి అనుకుంటాము. రాత్రి పదింటికి బీసీ కాలనీ సందులోంచి ఆ బండి వెళ్తే ఉలిక్కిపడి లేచే పసిబిడ్డకు, గుండె జబ్బుతో పడుకున్న పెద్దాయనకు మాత్రం అది శక్తిలా అనిపించదు.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాము. కంపెనీ నమూనాకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. శబ్ద కాలుష్యానికి వేరే శిక్ష ఉంది, అందులో మూడు నెలలు లైసెన్సు కూడా పోతుంది. జరిమానా కట్టి బయటపడవచ్చు. కానీ ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ మనిషి వచ్చి, చెప్పకుండా చేయించిన మార్పును చూపి క్లెయిము కాదంటే ఆ ఇంటి పరిస్థితి ఏమిటి?

మరైతే 650 కొనెయ్యమంటారా అని అడుగుతారు. ఇక్కడ మేము ఒక మాట ఒప్పుకోవాలి. మార్పులకు పోయే డబ్బుతో పోలిస్తే పెద్ద బండికి పెట్టే డబ్బు నిజాయితీ గలది. నింజా 650 ఇచ్చేది 68 పీఎస్. బరువు సుమారు 195 కిలోలు. 300 బరువు 179. బరువులో పెద్ద తేడా లేదు, శక్తి మాత్రం ఒకటిన్నర రెట్లకు పైనే. లక్షలు పోసినా 300ను ఆ స్థాయికి తేలేరు. వారం వారం హైదరాబాదు నుండి విజయవాడకు, ఆ 270 పై చిలుకు కిలోమీటర్లు, వెనక మనిషిని కూర్చోబెట్టుకుని జాతీయ రహదారి మీద వచ్చేవాడికి పెద్ద ఇంజిన్ ఒక విశ్రాంతి. ఇంజిన్ కేకలు పెట్టకుండా అలవోకగా వస్తుంది, లారీని దాటడానికి చోటు ఎక్కువ అక్కరలేదు. అలాంటివాడు కొనుక్కోవచ్చు.

కానీ గోపురం కట్టబోయేవాడి ఉపమానం మనకు తెలిసినదే కదా! కూర్చుని లెక్క వేయండి. 300 ధర మూడు లక్షల పైన, 650 ధర ఏడు లక్షల పైన. 2025 సెప్టెంబరు 22 నుండి 350 సీసీ లోపు బండ్లకు జీఎస్టీ 28 శాతం నుండి 18కి దిగింది. ఆపై బండ్లకు మాత్రం సెస్సుతో కలిపి 31 ఉన్నది 40 అయింది. 2022లో నిర్ణయించిన థర్డ్ పార్టీ బీమా రేట్లు చూసినా 350 లోపు 1,366 రూపాయలు, దాటితే 2,804. టైర్లు ఖరీదు. సర్వీసుకు పట్నం వెళ్లాలి, అంటే ఒక పని దినం పోయినట్టే. కిస్తీ ఎవరి పేరు మీద ఉంటుందో కూడా అడుగుతున్నాము. కుర్రవాడి జీతం మీదనా, నాన్నగారి పాసుపుస్తకం మీదనా?

డబ్బు కంటే పెద్ద లెక్క ఇంకొకటి ఉంది. ఐరోపాలో పద్దెనిమిదేళ్ల కుర్రవాడికి మొదట ఇచ్చే లైసెన్సు 35 కిలోవాట్ల వరకే, అంటే దాదాపు 47 పీఎస్. రెండేళ్లు దాని మీద నడిపాకే పెద్ద బండి మెట్టు. జపానులో 400 సీసీ దాటితే వేరే లైసెన్సు. మన దేశంలో 100 సీసీకీ 1000 సీసీకీ లైసెన్సు ఒకటే. చట్టం మెట్లు కట్టలేదు కాబట్టి ఆ మెట్లు ఇంట్లోనే కట్టుకోవాలి. గంటకు 60 మీద ఉన్న బండి 85 అందుకుంటే, దాన్ని ఆపడానికి బ్రేకులు మింగవలసిన శక్తి రెట్టింపు అవుతుంది. 100 మీద వెళ్లేవాడు ఒక్క సెకను ఆలస్యంగా చూస్తే, బ్రేకు పట్టకముందే బండి 28 మీటర్లు వెళ్లిపోతుంది. వెనక లైటు లేని ట్రాక్టరు చీకట్లో ఎంత దూరంలో కనబడుతుందో మీకు మేము చెప్పనక్కరలేదు. 2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అందులో నూటికి 44 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే.

అందుకే ఆ లక్షలో పది, ఇరవై వేలు ఇలా ఖర్చు పెట్టమంటున్నాము. మొదట టైర్లు. పక్కన కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2321 అని ఉంటే 2021లో 23వ వారం తయారైందని అర్థం. గీతలు కనబడుతున్నాయి కదా అని గట్టిపడిన టైరుతో తొలకరి వానలో తిరగకండి. అలాగని అందం కోసం రిమ్ముకు మించిన వెడల్పు టైరు వేయించకండి, అది గుండ్రంగా నొక్కుకుపోయి బండి మలుపు తిరగడానికి మొరాయిస్తుంది. ఆ తర్వాత బ్రేకు ప్యాడ్లు, రెండేళ్లకొకసారి బ్రేకు ఆయిలు, ముందు ఫోర్కులో ఆయిలు. చెయిన్‌కు ఐదారు వందల కిలోమీటర్లకొకసారి నూనె. మంచి హెల్మెట్, వెనక కూర్చునేవారికి కూడా. ఇంకా మిగిలితే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలోనో, కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళెంలోనో ఉన్న రేసు ట్రాకులకు వెళ్లండి. అక్కడ శిక్షణ ఇచ్చే రోజులుంటాయి. ఎదురుగా గేదె రాని రోడ్డు మీద మీ 300ను చివరిదాకా తిప్పి చూడండి. దానిలో మీరు ఇంకా వాడుకోని శక్తి ఎంత ఉందో అక్కడ తెలుస్తుంది. మనవాళ్లలో చాలామంది ఉన్న బండిని సగం కూడా వాడకుండానే చిన్నదైపోయిందంటారు.

ఏడాది గడిచాక కూడా 650 అవసరమే అనిపిస్తే, మార్పులు చేయని బండి కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో మంచి ధరే వస్తుంది. అప్పుడు టెస్ట్ రైడ్‌కు స్నేహితుణ్ణి కాదు, అమ్మను తీసుకువెళ్లండి. ఆ చిన్న వెనక సీటు మీద ఆమెను కూర్చోబెట్టి రెండు స్పీడు బ్రేకర్లు దాటించి తీసుకురండి. దిగాక ఆమె ఏమంటుందో విని, అప్పుడు ఫైనాన్స్ కాగితాల సంగతి మాట్లాడండి.