వేయిని పోగొట్టుకొందుమా?

“అంకెలకు భాష యేమిటి? లెక్క కుదిరిన చాలదా?” అని మన కుటుంబములలో చదువుకొన్నవారే తఱచుగా అనుచున్నారు. ఈ వాదమును మేము అంగీకరింపజాలము.

పావగడ తాలూకా తుమకూరు జిల్లాలోనిదే యైనను దానిని మూడు దిక్కుల ఆంధ్రసీమయే చుట్టియున్నది. 1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణము జరిగిన పిమ్మటను మన యిండ్లలో తెలుగు నిలిచియే యున్నది. పెండ్లిపాటలు తెలుగు, జోలపాటలు తెలుగు, కోపము వచ్చినచో తిట్లును తెలుగే. కాని ఫోను సంఖ్య చెప్పవలసి వచ్చినచో మన అవ్వలు సైతము ఇంగ్లీషునకు దిగుచున్నారు. పాట నిలిచినది గనుక భాష నిలిచినదని మురియువారు బ్రాహుయీల సంగతి వినవలెను.

బలూచిస్థానమున కలాత్ ప్రాంతములో మాటలాడు బ్రాహుయీ ద్రావిడభాష, మన తెలుగునకు దూరపు చుట్టము. ఒకటి, రెండు, మూడు అనుటకు వారు అసిట్, ఇరట్, ముసిట్ అందురు. ‘ఇరట్’లో మన ‘ఇరువురు’ను, ‘ముసిట్’లో మన ‘మువ్వురు’ను పోల్చుకొనవచ్చును. అంతటితో సొంత సొమ్ము తీఱినది. నాలుగు మొదలుకొని చార్, పంచ్, షష్, హఫ్త్, హష్త్ అని అన్నియు ఇరానీయ పదములే. పొరుగువారిది బలూచీ, కలాతు ఖానుల కొలువులో వ్రాతకోతలు పారసీకము. బేరమును పద్దును ఆ భాషలలో సాగగా లెక్కయు వాని వశమైనది. క్రియలు తమవి, సర్వనామములు తమవి, నాలుగు మాత్రము పరులది! గోండీ మాండలికములు పెక్కింట ఏడు దాటిన పిదప ఎరువు మాటలే. సంఖ్యావాచకములు పైనుండి క్రిందికి రాలును. పెద్దవి ముందు పోవును. చివరకు ఇంటి వాకిట అవసరమగు రెండు మూడు మిగులును.

ఎరువు తప్పదనువారికి పారసీకమే సమాధానము. ఏడవ శతాబ్దమున అరబ్బుల విజయము తరువాత ఆ భాషలోనికి అరబ్బీ పదములు వెల్లువగా వచ్చినవి, లిపియు మాఱినది. అయినను పారసీకులు నేటికిని యెక్, దో, సే అని తమ ప్రాచీన పదములతోనే లెక్కింతురు. సంస్కృతపు సప్తకు వారిది హఫ్త్. సహస్రమునకు జ్ఞాతియైన మాట అవెస్తాలో హజంగ్ర, నేడు హజార్. రూపము అరిగినదే కాని పరంపర తెగలేదు. మన దక్కనీ బజారులలో వినబడు హజారు ఈ హజారే.

ఆ సహస్రమే కన్నడమున సావిర, తమిళమున ఆయిరము అయినది. ద్రావిడభాషలలో వేయికి దేశ్యపదము గలది తెలుగొక్కటే యని భద్రిరాజు కృష్ణమూర్తిగారు 2003లో వెలువడిన తమ ద్రావిడభాషా గ్రంథమున వ్రాసిరి. ఇది కన్నడమును చిన్నబుచ్చుటకు చెప్పుట కాదు. నూరు మనకును కన్నడిగులకును పొత్తు సొమ్ము. (కోస్తా బంధువులు ‘వంద’ యని దిద్దబోయినచో దిద్దనీయకుడు.) కన్నడమువలన మన తెలుగు చెడుచున్నదని సభలలో ఉపన్యసించువారు గుఱి తప్పినారు. మన పిల్లల నోట వేయి స్థానమున కూర్చున్నది సావిర కాదు, థౌజండ్. అది కన్నడిగుల పిల్లల నోట సావిర క్రింది పీటను సైతము లాగుచున్నది.

తిరుమణి చుట్టుపట్ల సుమారు 13,000 ఎకరములలో 2018 మొదలుకొని సౌరవిద్యుత్తు ఉత్పత్తి యగుచున్నది. సామర్థ్యము 2,050 మెగావాట్లు. రైతులు భూమిని అమ్మలేదు, కౌలునకిచ్చిరి. ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలతో ఆ కౌలు మొదలైనది. ఇరువదియొక్క వేలు! వేరుసెనగ మూటలు లెక్కించిన కుటుంబములలో ఇంత లెక్క వినబడుట మంచిదే. కాని తాత చెప్పిన మొత్తమును మనుమడు ఇంగ్లీషులోనికి మార్చుకొనినగాని గ్రహింపలేకున్నచో, కౌలు వచ్చినది సరి, వేయి పోయినది.

కాకసస్ పర్వతములలోని ఒసెతీ ఇరానీయ భాష. అక్కడి జనులు పొరుగువారి పద్ధతిని పట్టి ఇరువదుల చొప్పున లెక్కించుటకు అలవాటుపడగా, తమ పాత పదుల లెక్కను గొఱ్ఱెలకాపరులు నిలిపిరి. దానికి కాపరుల లెక్క యనియే పేరు. తరువాత బడులు దానినే స్వీకరించినవి. మనకు అంత దూరము పోనక్కఱలేదు. ఇండ్లలో పాలపద్దు తెలుగుననే చెప్పవలెననియు, పద్యపఠన పోటీల సరసన వేయి వఱకు లెక్కించు పోటీ యొకటి పెట్టవలెననియు సంఘము పెద్దలను కోరుచున్నాము. బహుమానముగా వేయిన్నూటపదాఱ్లు ఇచ్చుటకు దాతలు లేకపోరు. ఆ మొత్తమును పిల్లవాడు తెలుగున పలికియే పుచ్చుకొనవలెను.